గేటుకి బ్యాంకు నోటీసు అంటించారు, అద్దెకున్న మా సంగతేంటి?

ప్రశ్న: విజయనగరం దాసన్నపేటలో ఒక ఇంటి మేడమీద పోర్షన్‌లో 2022 జూన్ నుంచి అద్దెకుంటున్నాం. అద్దె 8,500, అడ్వాన్సు 50,000. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకి అగ్రిమెంటు రాసుకున్నాం, ఆ తర్వాత మళ్లీ రాయలేదు. కింద పోర్షన్‌లో ఇంటాయన ఉంటారు. కొడుకు వ్యాపారానికని 2020లో ఈ ఇంటి మీద అప్పు తీసుకున్నారట. డిసెంబరు 18న బ్యాంకువాళ్లొచ్చి గేటుకి నోటీసు అంటించి ఫొటోలు తీసుకెళ్లారు. ఆయన్ని అడిగితే ‘ఏం కాదమ్మా, సెటిల్మెంటు అయిపోద్ది’ అంటూనే ఆరు నెలల అద్దె ముందే ఇమ్మంటున్నారు. ఐదేళ్లకి కొత్త అగ్రిమెంటు రాసుకుందాం, తేదీ మాత్రం పాతది వేద్దాం అని కూడా అన్నారు. నాలుగు రోజుల కిందట ఒకతను బ్యాంకు తరఫున వచ్చానని చెప్పి, పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యకపోతే సామాన్లు రోడ్డు మీద పెడతామన్నాడు. పక్కింటావిడేమో ‘బ్యాంకుకి పోయే ఇంటికి నువ్వెందుకమ్మా అద్దె కట్టడం’ అంటోంది. డల్లాస్‌లో ఉన్న మా మరిది తొంభై రోజులు టైమివ్వాలని చట్టం ఉందంటున్నాడు. మా అబ్బాయి టెన్త్, మార్చిలో పరీక్షలు. ఏం చెయ్యమంటారు? వేలం వేస్తే మేమే కొనుక్కోవచ్చా? నోటీసు ఫొటో పంపుతున్నాను, పేరు వెయ్యకండి. (విజయనగరం)

జవాబు: అమ్మా, ముందు ఆ పదిహేను రోజుల భయం తీసెయ్యండి. మీ ఇంటికొచ్చిన మనిషి ఎవరో నాకు తెలీదు, మీకూ తెలీదు. ఐడీ కార్డు చూపించాడా, బ్యాంకు రాసిచ్చిన అధికార పత్రం ఉందా అని మీరు అడగలేదు. ఈసారి వస్తే గుమ్మంలోనే నిలబెట్టి ఆ రెండూ అడిగి ఫోన్లో ఫొటో తీసుకోండి. నోటితో చెప్పి సామాన్లు బయటపడేసే అధికారం అతనికే కాదు, బ్యాంకు మేనేజరుకీ లేదు. మనుషులు కాపురముంటున్న ఇంటిని ఖాళీ చేయించాలంటే బ్యాంకులు సర్ఫేసీ చట్టం (కోర్టులో దావా వెయ్యకుండానే తాకట్టు ఆస్తి మీద బాకీ రాబట్టుకోవడానికి బ్యాంకులకున్న చట్టం) సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేటుకి, అంటే మన కలెక్టరుగారికి, దరఖాస్తు పెట్టుకుంటాయి. ఆర్డరు వచ్చాక దాన్ని పట్టుకుని అధికారులు, అవసరమైతే పోలీసులు వస్తారు. అలా వచ్చారంటే మాత్రం నవ్వులాట కాదు. అక్కడిదాకా రాకముందే ఈ నెలలో మీరు చేసుకోవలసిన పనులున్నాయి.

మీరు పంపిన ఫొటో పెద్దది చేసి చదివాను. అది ‘స్వాధీన ప్రకటన’. డిమాండ్ నోటీసు తేదీ 2025 సెప్టెంబరు 22 అని ఉంది. వాయిదాలు తొంభై రోజులు దాటి నిలిచిపోతే బ్యాంకు ఆ అప్పుని మొండి బాకీగా లెక్కేస్తుంది. ఆ తర్వాత ‘60 రోజుల్లో మొత్తం కట్టు’ అని అప్పు తీసుకున్నవాడికి ఇచ్చేదే ఈ డిమాండ్ నోటీసు. ఆ గడువు నవంబరులో అయిపోయింది, డిసెంబరులో గేటుకి కాగితం పడింది. ఇదే ప్రకటన రెండు పేపర్లలో, అందులో ఒకటి తెలుగు పేపరులో, ఏడు రోజుల్లోపు వెయ్యాలి. మీరు చూసి ఉండరు. అంత చిన్న అక్షరాలు చూడాలనే ఉద్దేశంతో వేసినవి కావు. కింద ‘సింబాలిక్ పొజెషన్’ అన్న మాట ఉంది చూడండి. ఇల్లు కాగితం మీద మాత్రమే బ్యాంకు చేతిలోకి వెళ్లింది, తాళం ఇంకా మీ దగ్గరే ఉంది అని దానర్థం. ఈ ఆస్తితో ఎవరూ లావాదేవీలు పెట్టుకోవద్దని హెచ్చరిక కూడా ఆ కాగితంలోనే ఉంది. మీ ఇంటాయన కొత్త అగ్రిమెంటు అంటున్నారు కాబట్టి ఆ వాక్యం రెండుసార్లు చదవండి.

అద్దెకున్నవాళ్ల హక్కు ఎంత అన్నది మూడు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే తేలుతుంది: ఇల్లు తాకట్టు పడ్డ తేదీ, మీరు అద్దెకి దిగిన తేదీ, డిమాండ్ నోటీసు తేదీ. తాకట్టు కంటే ముందే దిగి, రిజిస్టరు చేసిన లీజు చేతిలో ఉన్నవాడిని బ్యాంకు కదపలేదు. ఆ లీజు చట్టప్రకారం ముగిసేదాకా ఆగాల్సిందే. డిమాండ్ నోటీసు వచ్చాక దిగినవాడికి దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే ఆ నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంటిని అద్దెకిచ్చే హక్కు యజమానికే ఉండదు. మీరు మధ్యలో ఉన్నారు. తాకట్టు 2020, మీరు దిగింది 2022, నోటీసు 2025. 2020 అన్నది ఆయన నోటిమాటే కాబట్టి మీసేవలో ఒక ఈసీ, అంటే ఆ ఇంటి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక, తీయించండి. దస్తావేజులు బ్యాంకులో పెట్టినట్టు మెమో రిజిస్టరై ఉంటే అందులో తేదీతో సహా కనిపిస్తుంది.

మధ్యలో ఉన్నవాళ్లని ట్రిబ్యునల్, అంటే ఈ బ్యాంకు బాకీల గొడవలు వినే విశాఖపట్నంలోని న్యాయస్థానం, కొన్ని ప్రశ్నలతో తూస్తుంది. తాకట్టులో ఉన్న ఇంటిని యజమాని మామూలు పద్ధతిలో, న్యాయమైన అద్దెకి, మూడేళ్లు మించకుండా ఇవ్వొచ్చని ఆస్తి బదిలీ చట్టం 65ఏ సెక్షన్ చెబుతుంది. తాకట్టు పత్రంలోనే ‘అద్దెకివ్వకూడదు’ అని రాసుకుని ఉంటే అదీ పోతుంది. పెద్ద మొత్తం ముందే తీసుకుని ఇచ్చిన లీజు ఈ సెక్షన్‌కి నిలవదు. రెండు మూడు లక్షలు ఒక్కసారే ఇచ్చి అద్దె లేకుండా ఉండే ‘లీజు’ పద్ధతిలో దిగినవాళ్లకి ఇక్కడే దెబ్బ తగులుతుంది. మీది నెలనెలా అద్దె, 8,500 ఆ పేటకి సరిగ్గా ఉన్న రేటే, కాబట్టి ఆ పరీక్షలో మీరు గట్టెక్కుతారు. చిక్కంతా కాగితం దగ్గర. పదకొండు నెలలు 2023లోనే అయిపోయాయి, అప్పటినుంచి మీది నెలవారీ అద్దె, చట్టప్రకారం పదిహేను రోజుల రాతపూర్వక నోటీసుతో ముగించగలిగేది. రిజిస్టరు కాని కాగితం పట్టుకుని, లేదా నోటిమాట మీద, ఏడాది మించి హక్కు అడగలేరని 2019లో సుప్రీంకోర్టు బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో స్పష్టంగా చెప్పింది.

ఉన్నమాట చెప్పేస్తున్నాను. ఈ ఇంట్లో మీరు ఏళ్ల తరబడి ఉండలేరు. కానీ మార్చి పరీక్షలు అయ్యేదాకా నెట్టుకురావడం, ఆ యాభై వేలు పోకుండా చూసుకోవడం, ఈ రెండూ మీ చేతిలో ఉన్నాయి. నేను చెప్పేదంతా ఆ రెండింటి కోసమే. ‘పోరాడదాం, ఇల్లు వదలొద్దు’ అనేవాళ్లు మీ చుట్టూ ఉంటారు, వాళ్లు మీతో వైజాగ్ బస్సెక్కరు.

మీ మరిదిగారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, కాకపోతే అది వాళ్ల దేశం చట్టం. జప్తులో పోయిన ఇంట్లో అద్దెకున్నవాళ్లకి కనీసం 90 రోజుల నోటీసు ఇవ్వాలని అమెరికాలో 2009లో చట్టం చేశారు, 2014 చివర్లో గడువు తీరిపోతే 2018లో మళ్లీ తెచ్చి శాశ్వతం చేశారు. మనకి అలాంటి తొంభై రోజుల లెక్క లేదు. బ్యాంకుకి ఉత్తరం రాసేటప్పుడు ఆ మాట ఎత్తకండి.

ఇక అద్దె. పక్కింటావిడ సలహా విన్నారంటే మీకున్న కాస్త బలమూ పోతుంది. అద్దె ఎగ్గొట్టిన మనిషి రేపు ట్రిబ్యునల్‌లో నిలబడి గడువడిగితే మొదటి ప్రశ్న అదే వస్తుంది. ఏ నెలకానెల కట్టండి. చేతికి మాత్రం ఇవ్వకండి, ఫోన్‌పేలోనో బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లోనో వెయ్యండి, ‘జనవరి అద్దె’ అని అక్కడే రాయండి. అద్దె ఇకమీదట మాకే కట్టమని బ్యాంకు రాతపూర్వకంగా నోటీసిస్తే ఆ రోజునుంచి బ్యాంకుకే కట్టాలి. దానికి వాళ్లిచ్చే రసీదు ఇంటాయనకి కట్టినట్టే చెల్లుతుంది, మళ్లీ ఆయనకి కట్టక్కర్లేదు. అలాంటి నోటీసు రానంతవరకు ఆయనకే.

ఆరు నెలలది ముందే ఇమ్మంటున్నారు కదా, అది ఇవ్వకండి. ఆయన చెడ్డవారని కాదు, కొడుకు అప్పులో మునిగినవాడికి ఎటు చూసినా చెయ్యి చాచక తప్పదు. కానీ మీరు ముందే ఇచ్చిన జూన్ అద్దెని ఫిబ్రవరిలో కొనుక్కున్నవాడు ఒప్పుకోడు. అప్పుడు డబ్బు ఒకరి దగ్గర, అడిగేది ఇంకొకరు.

దానికి బదులు తిరగేసి అడగండి: ‘బాబాయ్‌గారూ, మా అడ్వాన్సులో అద్దె విరుచుకోండి’ అని. యాభై వేలంటే ఐదు నెలల అద్దె, పైన 7,500. జనవరి నుంచి మొదలుపెడితే మే నెలతో ఐదు నెలలు సరిపోతాయి. ఆయన ఒప్పుకుంటే తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాయించి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఆరోజే వాట్సాప్‌లో ఆయనకి ఫొటో పంపండి, తేదీకి అదే సాక్ష్యం. ఎందుకింత తొందరంటే, అడ్వాన్సు బాకీ ఇంటాయనదే. బ్యాంకు మీకు ఇవ్వదు, వేలంలో కొన్నవాడు ఇవ్వడు. ఇల్లు పోయాక ఆయన్ని సివిల్ కోర్టులో అడగొచ్చు, అప్పటికి ఆయన దగ్గర ఏముంటుందో మీకే తెలుసు. ఒప్పుకోకపోతే అద్దె మానేసి మీరే విరుచుకోకండి, బ్యాంకుకి రాసే ఉత్తరంలో అడ్వాన్సు సంగతి చేర్చండి.

పాత తేదీతో ఐదేళ్ల అగ్రిమెంటుకి మాత్రం ససేమిరా ఒప్పుకోకండి. స్టాంపు పేపరు వెనకాల అమ్మిన తేదీ, ఎవరికి అమ్మారో పేరు, నంబరు ఉంటాయి. ఐదేళ్ల లీజు రిజిస్టరు కాకపోతే ఎలాగూ చెల్లదు. పైగా వేలం ఆపడానికి యజమాని, అద్దెదారు కలిసి సృష్టించిన కాగితం అని ఒక్కసారి అనుమానం వచ్చిందంటే మీ నిజమైన 2022 అగ్రిమెంటుని కూడా ఎవరూ నమ్మరు. మోసం కేసు తలనొప్పి అదనం.

రుజువుల గురించి ఒక్క మాట. గంటస్తంభం దగ్గర సందులో ఒక టైలరు ఉండేవాడు, పదకొండేళ్లు అదే కొట్టు, అద్దె ప్రతినెలా చేతికి. కొట్టు వేలానికొచ్చినప్పుడు అతని దగ్గర ఒక్క రసీదు లేదు, అగ్రిమెంటు అసలే లేదు. చివరికి పనికొచ్చింది మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు రసీదుల కట్ట, కుట్టుమిషను నూనె మరకలతో. ఏడు సంవత్సరాలవి వరసగా ఉన్నాయి, అడ్రసుతో సహా. అవి చూపించి కొన్న ఆసామితో మాట్లాడుకుని పండగ సీజను అయ్యేదాకా కొట్టు నిలబెట్టుకున్నాడు. మీ ఇంట్లో అలాంటివి ఏమున్నాయో వెతకండి: గ్యాసు బుక్కు, ఆధార్ అడ్రసు, అబ్బాయి స్కూలు రికార్డు, మీ పోర్షన్‌కి వేరే మీటరుంటే మీరు కట్టిన కరెంటు బిల్లులు, ఫోన్‌పే చరిత్ర. నోటీసుకి ముందు తేదీలున్నవి పైన పెట్టండి. అన్నీ జెరాక్సులు రెండేసి.

ఈ వారంలోనే బ్యాంకుకి ఉత్తరం రాయండి. నోటీసు చివర సంతకం చేసిన ‘ఆథరైజ్డ్ ఆఫీసరు’కి, బ్రాంచి మేనేజరుకి ఒక కాపీ. పెద్ద భాష అక్కర్లేదు, తెలుగులో ఇలా రాయొచ్చు:

‘పై నోటీసులో చూపిన ఇంటి మొదటి అంతస్తులో 2022 జూన్ నుంచి నెలకు 8,500 రూపాయల అద్దెకు ఉంటున్నాం. అగ్రిమెంటు, అద్దె చెల్లింపుల నకళ్లు జతచేశాం. 50,000 రూపాయల అడ్వాన్సు యజమాని దగ్గర ఉంది. అద్దె మీకే కట్టాలంటే రాతపూర్వకంగా తెలపండి, కడతాం. మా అబ్బాయి పదో తరగతి పరీక్షల దృష్ట్యా ఏప్రిల్ 30 వరకు గడువిస్తే, ఆ రోజు మా అంతట మేమే ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాం. అంతవరకు మాకు ముందుగా తెలపకుండా ఖాళీ చేయించే చర్య తీసుకోవద్దని కోరుతున్నాం.’

చివరి వాక్యాల్లోనే మీ బేరమంతా ఉంది. కలెక్టరు ఆర్డరు, అధికారులు, పోలీసు బందోబస్తు, తాళాలు పగలగొట్టడం, ఇదంతా బ్యాంకుకీ ఖర్చే, ఆలస్యమే. ఒక తేదీ చెప్పి నిక్కచ్చిగా తాళమిస్తానన్న కుటుంబం వాళ్లకీ సుఖం. చాలామంది అధికారులు సరేనంటారు. అలా అంటే ఆ మాట ఈమెయిల్లోనైనా పెట్టమనండి. ఉత్తరం స్పీడ్ పోస్టులో డెలివరీ రుజువుతో పంపండి. రిజిస్టర్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కౌంటరులో ఆ పేరు అడిగితే తికమక పడకండి.

బ్యాంకు వినకపోతే వెళ్లాల్సింది విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కి, అందరూ డీఆర్‌టీ అంటారు. మన ఊరి సివిల్ కోర్టులో ఇంజంక్షన్ తెచ్చేస్తానని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి. సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు తీసుకునే చర్యల్లో సివిల్ కోర్టులు జోక్యం చేసుకోకుండా 34వ సెక్షన్ అడ్డుంది. ట్రిబ్యునల్‌లో వేసే సెక్షన్ 17 దరఖాస్తు బ్యాంకు చర్య తీసుకున్న 45 రోజుల్లోపు వెయ్యాలి, అద్దెదారుల వాదన వినడానికి 2016లో అందులో 4ఏ అని ప్రత్యేకంగా ఒక ఉపసెక్షన్ చేర్చారు. మీ డిసెంబరు 18 నుంచి లెక్కేస్తే 45వ రోజు ఫిబ్రవరి 1, ఆదివారం. జనవరి 30 శుక్రవారమే ఆఖరి రోజు అనుకోండి. తర్వాత కలెక్టరు ఆర్డరుతో వచ్చినప్పుడు కూడా వెళ్లొచ్చు కదా అని వాదించేవాళ్లున్నారు, కానీ ముందే ఉన్న గడువుని చేజేతులా పోగొట్టుకోవడం ఎందుకు? లాయరు ఖర్చు గురించి బెంగ పడకండి. న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. విజయనగరంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. దరఖాస్తు మీ పేరు మీదే పెట్టండి, మీవారి పేరు మీద కాదు.

ఇవన్నీ బ్యాంకుల సంగతి. ఇంటి మీద అప్పిచ్చింది వడ్డీ వ్యాపారి అయితే అతనికి సర్ఫేసీ లేదు, కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి. మీ నోటీసులో బ్యాంకు పేరే ఉంది కాబట్టి మీకు ఆ గొడవ లేదు.

ఇంటాయన సెటిల్మెంటు మాట పూర్తిగా కొట్టిపారెయ్యకండి కూడా. వేలం ప్రకటన అచ్చయ్యే తేదీకి ముందు బాకీ, ఖర్చులు మొత్తం కట్టేస్తే ఇల్లు ఆయనకే మిగులుతుంది. ప్రకటన పడ్డాక ఆ హక్కు పోయినట్టే. అందుకే ఇక్కణ్ణుంచి గేటునీ, పేపరునీ ఒక కంట కనిపెట్టండి. మొదటిసారి వేలానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. అది వచ్చిందంటే మీ అబ్బాయి పరీక్షల లెక్కకి ఎన్ని వారాలున్నాయో తెలిసిపోతుంది.

మీరే కొనుక్కోవచ్చా అన్నారు. కొనుక్కోవచ్చు, అద్దెదారు పాట పాడకూడదని ఎక్కడా లేదు. వేలం ఆన్‌లైన్లో జరుగుతుంది. ముందు ధరావతు కట్టాలి, మామూలుగా రిజర్వు ధరలో, అంటే వేలానికి బ్యాంకు పెట్టిన కనీస ధరలో, పదో వంతు అడుగుతారు. పాట మీకు ఖాయమైతే ధరావతుతో కలిపి 25 శాతం ఆరోజుగానీ మర్నాటి పనిదినానికిగానీ కట్టెయ్యాలి. మిగతా 75 శాతానికి పదిహేను రోజులు. మించిపోతే కట్టింది పోతుంది. హోంలోను వస్తుందిలే అని పాటలో దిగి, పదిహేను రోజుల్లో లోను మంజూరు కాక చేతులు కాల్చుకున్నవాళ్లున్నారు. లోను మాట ముందే పక్కా చేసుకోకుండా దిగొద్దు. ఇంటిపన్ను బకాయి, కరెంటు బకాయి ఎంతున్నాయో అడగండి, అవి కొన్నవాడి నెత్తినే పడతాయి. ఇల్లు చూడ్డానికి వేరే కొనుగోలుదారులొస్తే తలుపు తియ్యండి, అద్దె, అడ్వాన్సు సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. కొన్నవాడికి వెంటనే ఆ ఇంట్లో దిగే పని లేకపోతే, అద్దె సరిగ్గా కట్టే కుటుంబాన్ని పంపించి ఖాళీ ఇల్లు కాపలా కాయడు. కొత్తాయనతో కొత్త అగ్రిమెంటు, ఈసారి రిజిస్ట్రేషనుతో.

ఇంకొకటి. మీరు పంపిన ఫొటోలో నోటీసు మొదటి పేజీ మాత్రమే ఉంది. ఆస్తి వివరాలు రెండో పేజీలో ఉంటాయి: గజాలు, డోరు నంబరు, నాలుగు వైపులా హద్దులు. కొన్ని ఇళ్లలో కింద పోర్షన్ తండ్రి పేరు మీద, మేడ వేరే డోరు నంబరుతో భార్య పేరు మీదో కొడుకు పేరు మీదో ఉంటుంది, తాకట్టు పడింది ఒకటే అయ్యుంటుంది. రేపు పొద్దున్న గేటు దగ్గరికి వెళ్లి ఆ రెండో పేజీలోని డోరు నంబరుని మీ కరెంటు బిల్లు మీదున్న నంబరుతో సరిపోల్చి చూసి, ఫొటో తీసి పంపండి.